సోమవారం మేత ముట్టని కణాలు

దెయ్యాలను, గాలి సోకడాన్ని నేను చిన్నప్పుడు నమ్మలేదు, ఇప్పుడూ నమ్మను. మా పిడుగురాళ్లలో సున్నం బట్టీల వైపు ఒంటరిగా పోవద్దని ఆడపిల్లలకు ఏవేవో చెప్పి భయపెట్టేవాళ్లు. నేను ఆ దారినే ట్యూషన్‌కి పోయి వచ్చేదాన్ని. దెయ్యం ఎప్పుడూ ఎదురుపడలేదు. లారీల మీద నుంచి కూసిన కూతలు మాత్రం ఒక్కొక్కటీ గుర్తున్నాయి. మనుషులు చేసినదాన్ని దెయ్యాల మీదికి నెట్టడం నాకు అసహ్యం.

కాబట్టి ఇది చదివి నన్ను భక్తురాలి కిందో, పిచ్చిదాని కిందో జమకట్టకండి. నాకు జరిగిన అన్యాయం చెప్పాలంటే ఇది కూడా చెప్పాల్సి వస్తోంది. దీన్ని పక్కన పెట్టి అన్యాయం ఒక్కటే రాద్దామని చానాసార్లు చూశాను. కుదరలేదు.

నరసరావుపేటలో ఒక ప్రైవేటు ఫార్మసీ కాలేజీ ల్యాబ్‌లో నేను రీసెర్చ్ అసిస్టెంటుగా పనిచేశాను. కాలేజీ పేరు రాయను. రాస్తే ఏం చేస్తారో నాకు తెలుసు.

మా పని కాలేయ కణాలను ల్యాబ్‌లో పెంచడం. మనిషి మింగిన ప్రతి మందూ కాలేయం గుండా పోవాల్సిందే. అందుకని కొత్త మందును ముందు ఆ కణాల మీద వేసి చూస్తారు. చిక్కేమిటంటే, ఒంట్లో నుంచి బయటికి తీసిన కాలేయ కణాలు కొద్ది రోజుల్లోనే తమ పని మరిచిపోతాయి. బతికే ఉంటాయి కానీ చక్కెర దాచడం, విషాన్ని విరవడం మానేస్తాయి. వాటిని పని మరవనీయకుండా ఎక్కువ రోజులు ఎలా ఉంచాలన్నదే మా ప్రాజెక్టు. నేను వాటిని పలచగా పరవకుండా, ఆవగింజకంటే చిన్న ఉండలుగా కట్టేలా పెంచేదాన్ని. ఆ పద్ధతి కుదిరితే దాని మీదే నా పీహెచ్‌డీ. పరిశోధన పేపర్లో మొదటి పేరు నీదేనని మా హెడ్ నాతో అన్నాడు. ఆ మాట అన్నప్పుడు గదిలో మూడో మనిషి లేకపోవడం నా ఖర్మ.

ఇంట్లోవాళ్లకు ఇదంతా ఎలా చెప్పను? మటన్ కొట్టులో అమ్మే కార్జమేనమ్మా, కాకపోతే మనిషిది అన్నాను మా అమ్మతో. ఆ మాట చుట్టాల్లో పాకింది. ఒక పెళ్లిలో నేను కూర గిన్నె పట్టుకుని వడ్డిస్తుంటే మా చిన్న మేనమామ, "ఏమే కార్జం, నువ్వు వడ్డించమాకే, తినేవాళ్లు లేచిపోతారు" అన్నాడు. బంతి మొత్తం నవ్వింది. ఆయన గడప నేను మళ్లీ తొక్కలేదు.

ఆ ఏడు దసరా వెళ్లాక గుంటూరు ఆసుపత్రి నుంచి మంచు పెట్టె ఒకటి వచ్చింది. ఒకామెకు కాలేయంలో గడ్డ కోసి తీశారు. గడ్డతోపాటు దాని చుట్టూ ఉన్న మంచి కండ కూడా కొంత తీయక తప్పదు. అందులో ఒక ముక్కను పరిశోధనకు ఇవ్వడానికి ఆమె ఒప్పుకుని సంతకం పెట్టింది. ఆమె ఎవరో, ఏ ఊరో మాకు చెప్పరు. పెట్టె మీద నంబరు, వయసు, ఆడ అన్న మాట, అంతే.

ఆ ముక్కలోని కణాలను విడదీసి ఉండలు కట్టించాను. నేను అప్పటిదాకా పెంచినవాటిలో అంత ఆరోగ్యంగా నిలబడ్డవి లేవు. కొన్ని కణాలను చిన్న సీసాల్లో గడ్డకట్టించి లిక్విడ్ నైట్రోజన్ డబ్బాలో దాచాం. కావాలనుకున్నప్పుడు కరిగించి మళ్లీ పెంచుకోవచ్చు.

రోజూ పొద్దున ప్లేట్లలోని పాత ద్రవం తీసేసి కొత్తది పోయాలి. గులాబీ రంగు నీళ్లలా ఉంటుంది. అందులో కణాలకు కావలసిన చక్కెర, ఉప్పులు ఉంటాయి. మా ల్యాబ్‌లో దాన్ని మేత వేయడం అంటాం. సాయంత్రం ఆ ద్రవంలో చక్కెర ఎంత మిగిలిందో కొలుస్తాం. ఆరోగ్యంగా ఉన్న కాలేయ కణం మేత పడగానే చక్కెర లాక్కుని దాచుకుంటుంది. కాబట్టి సాయంత్రానికి ద్రవంలో చక్కెర తగ్గి ఉండాలి.

ఆ ఉండలు మిగతా రోజులన్నీ చక్కగా తగ్గించాయి. సోమవారం తగ్గించలేదు. పొద్దున నేను పోసినదానికంటే సాయంత్రం ఇంకొంచెం ఎక్కువే ఉంది. అంటే దాచుకున్న చక్కెరను బయటికి వదిలాయి. మనిషి ఏమీ తిననప్పుడు కాలేయం చేసే పని అది. కానీ వీటి ముందు మేత నిండుగా ఉంది. మంగళవారం పొద్దున ప్లేట్లు తీసి చూస్తే రాత్రికి రాత్రే చక్కెర అంతా ఖాళీ చేసి ఉన్నాయి.

నా చేతిలో పొరపాటు జరిగిందనుకున్నాను. రెండో సోమవారమూ అంతే. అదే ఇంక్యుబేటర్ కింది అరలో ఎలుక కాలేయ కణాలు పెరుగుతున్నాయి. వాటికీ అదే సీసాలోని మేత, వేసిందీ నేనే. అవి సోమవారం కూడా మామూలుగా తాగాయి.

తీసుకెళ్లి మా హెడ్‌కు చూపించాను. నోరు మూసుకుని ఉంటే ఈ గొడవే లేదు. ఆయన అంకెలు సగం కూడా చూడకుండా, ఆదివారం వచ్చి మేత వేశావా అని అడిగాడు. వేశానన్నాను. కణాలకు సెలవు ఉండదని నాకొకరు చెప్పాలా? అంతకు ముందు ఏడు మా నాన్న తద్దినం ఆదివారం పడితే, తొలి బస్సుకు వచ్చి మేత వేసి, వెనక్కి పోయి వంట అందుకున్నదాన్ని.

"ఆదివారం పస్తు పెట్టి సోమవారం వాటికి ఒంట్లో బాగాలేదంటే ఎలా అమ్మా" అని నవ్వాడు.

పస్తు ఉన్నవైతే సోమవారం మేత పడగానే ఆబగా తాగాలి కదా సార్, ఇవి ముట్టుకోలేదు అన్నాను. ఎదురు చెప్పానని ఆయనకు మండింది. అటెండర్ సైదులును పిలిచాడు. ల్యాబ్ తాళాలు, నైట్రోజన్ డబ్బా, గాజు సామాను అన్నీ సైదులు చూసేవాడు. అతను శనివారమే తాళం చెవి నా చేతికిచ్చి, ఆదివారం రాకుండానే వచ్చినట్టు సంతకం పెట్టుకునేవాడు. నేను వచ్చానని చెబితే తాను రానిది బయటపడుతుంది. తల గోక్కుని, తనకు సరిగ్గా గుర్తులేదన్నాడు.

ఎన్ని ఆదివారాలు నేను ఆ తాళం తీసి, మూసి, సోమవారం పొద్దున అతని చేతిలో పెట్టాను! సరిగ్గా గుర్తులేదట.

మూడో సోమవారం కూడా కణాలు ముట్టలేదు. ఈసారి ఆయన ఇంకో మెట్టు ఎక్కాడు. సాయంత్రం నేనే ద్రవంలో చక్కెర కలుపుతున్నానన్నాడు. కొత్త విషయం కనిపెట్టానని పేరు కొట్టేయడానికట. నేను ప్రిన్సిపాల్‌కు ఫిర్యాదు రాసి ఇచ్చాను. ప్రిన్సిపాల్ దాన్ని పరిశీలించమని, నేను ఎవరి మీద రాశానో ఆయనకే పంపాడు.

ఆ మరుసటి సోమవారం కార్తీక పౌర్ణమి తెల్లారి వచ్చింది. మా హెడ్ పొద్దున్నే తానే వచ్చి, తన చేత్తో మేత వేసి, గదికి తాళం పెట్టి చెవి జేబులో వేసుకుని పోయాడు. సాయంత్రం అందర్నీ పిలిచి అందరి ముందూ కొలిచాడు.

చక్కెర తగ్గింది. కణాలు శుభ్రంగా తాగాయి.

నేను వంగి ఆ అంకెను మళ్లీ చదివాను. ఆయన మాత్రం తీరిగ్గా చేతి తొడుగులు తీసి, "చెయ్యి మారింది, కణాలు మారాయి. సున్నం బట్టీల మధ్య పెరిగినవాళ్లకు చేతి శుభ్రం ఎక్కడ అలవడుతుందిలే" అన్నాడు. జూనియర్లున్నారు, సైదులున్నాడు. ఒకమ్మాయి నవ్వు ఆపుకోవడానికి కిటికీ వైపు తిరిగింది. ఆ అమ్మాయి పేరు కూడా నాకు గుర్తుంది.

మర్నాడు ఆ ప్లేట్లన్నీ బ్లీచింగ్‌లో పోయించాడు. నన్ను పరిశోధన నుంచి తీసేసి గాజు సామాను కడిగే పనిలో పెట్టాడు. జీతం ఆపలేదు కాబట్టి శిక్ష కాదట.

అలా సింకు దగ్గర నిలబడి సీసాలు కడుగుతున్న ఒక మధ్యాహ్నం, యాభై దాటిన ఒకావిడ లోపలికి వచ్చింది. నేత చీర, నుదుట పెద్ద బొట్టు, కుడి పక్క డొక్క మీద చెయ్యి అదిమిపెట్టుకుని నెమ్మదిగా నడుస్తోంది. పేరు కోటేశ్వరమ్మ అని చెప్పింది. అసలు పేరు కాదు, నేను మార్చి రాస్తున్నాను. నడికుడి దగ్గర పల్లె. మిరప, పత్తి పండించుకునే ఇల్లు. ఆపరేషన్ చేసిన డాక్టరును వదలకుండా అడిగి, తన ముక్క ఎక్కడికి పోయిందో తెలుసుకుని వచ్చింది. కూతురు బయట ఆటోలో కూర్చుని ఉంది.

"నా కార్జం ముక్క ఈడ పెరుగుతుందంటగా అమ్మాయ్. ఒకసారి చూసిపోదామని వచ్చా" అంది.

చూపించడానికి ఏమీ మిగల్లేదని చెప్పలేకపోయాను. అది పెరిగిందనీ, బాగా పెరిగిందనీ చెప్పాను. ఆమె ముఖం వెలిగింది. ఏం పెట్టేవాళ్లు దానికి అని అడిగింది. చక్కెర నీళ్లలాంటివి అన్నాను.

"సోమారం గూడా పెట్టారా?"

నా చేతిలో సీసాను సింకులో పెట్టేశాను. సోమవారం సంగతి ఎందుకు అడుగుతున్నారని అడిగాను.

"నేను సోమారాలు ఒక్కపొద్దమ్మా, పెళ్లయిన కాడ్నుంచీ. పొద్దుగూకి దీపం పెట్టినాకే ఇంత తినేది. ఆపరేషన్ అయినాక డాక్టరు మానుకోమన్నాడు. మా అమ్మాయి ఎదురుగా కూచుని మరీ తినిపిస్తంది. నేను తింటన్నా సరే, దానికి గూడా పెట్టారేమోనని అడుగుతన్నా."

నేను జరిగింది చెప్పాను. సోమవారాలు పగలంతా ఆ కణాలు ముట్టలేదనీ, ఆదివారం నేను వాటిని పస్తు పెట్టానని మా హెడ్ అన్నాడనీ. ఆమె విసుక్కుంది.

"పస్తేంది? పస్తంటే లేక ఉండేది. ఎదురుగా పెట్టినా ముట్టకపోతే ఒక్కపొద్దు గదా. చదువుకున్నోడికి ఆ మాత్రం తెలవదా?"

ఈ మాట విని నాకు ఒళ్లు జలదరించిందని రాస్తే బాగుంటుంది కానీ, అలా జరగలేదు. నాకు ముందు కోపం వచ్చింది. పౌర్ణమి తెల్లారి ఎందుకు తిన్నాయి మరి? అందరి ముందూ నా పరువు తీయడానికి ఆ రోజే దొరికిందా? గట్టిగానే అడిగాను, ఆ కణాలు ఆమె మాట వినేవైనట్టు.

ఆమె గుమ్మం వైపు చూసి గొంతు తగ్గించింది.

"మా అమ్మాయితో అనమాక. కార్తీకంలో మొదటి రెండు సోమారాలూ మనసు చంపుకుని తిన్నా. పున్నమి తెల్లారి వచ్చినదానికి ఇంక ఉండబట్టలా. మా అమ్మాయి అటు తిరగంగానే కంచం తీసుకుపోయి గేదె కుడితిలో వొంపేశా. దీపం పెట్టిందాకా పచ్చి మంచినీళ్లు ముట్టలా." మళ్లీ గుమ్మం వైపు చూసి, "చిత్రమేందంటే ఆ పొద్దు ఆకలే కాలా. ఎప్పుడూ మధ్యాన్నానికి కళ్లు తిరిగేయి. ఆ రోజు పెళ్లి భోజనం చేసినట్టు ఉండింది" అంది.

ఆమె తిన్న సోమవారాలు కణాలు ముట్టలేదు. ఆమె మానేసిన సోమవారం కణాలు తాగాయి. ఇందులో నేను కలిపింది ఏమీ లేదు. ఆమెకు నా సంగతి తెలియదు, నాకు ఆమె సంగతి తెలియదు.

"అయితే నిన్ను మాట పడేట్టు చేసింది నేనేగా" అని ఆమె నా తడి చెయ్యి పట్టుకుంది. "ఏమనుకోమాక తల్లీ."

ఈ మొత్తం వ్యవహారంలో నన్ను క్షమించమన్నది ఆమె ఒక్కతే. ఆమెను వెంటబెట్టుకుని నేరుగా హెడ్ గదిలోకి పోయాను.

ఆయన ఆమెను కూర్చోబెట్టాడు, మంచినీళ్లు తెప్పించాడు. నన్ను కూర్చోమనలేదు. ఆమె ఉన్నదున్నట్టు చెప్పి, "ఈ పిల్ల అబద్ధం ఆడలా సారూ" అంది. ఆయన అంతా విని, కాకతాళీయమమ్మా అన్నాడు. ఆమె చేసిన దానం గొప్పదన్నాడు. అప్పటికప్పుడు ఒక శాలువా తెప్పించి కప్పి, ఫొటో తీయమని తన ఫోన్ నా చేతికిచ్చాడు.

తీశాను. అదీ నేనే తీశాను. ఆ ఫొటో ఇప్పుడు కాలేజీ ఆఫీసు గోడ మీద ఉందట.

ఆమె వెళ్లాక నేను ఒక్కటే అడిగాను. డబ్బాలో దాచిన సీసాల్లో ఒకటి కరిగించి, ఎవరి చేతనైనా పెంచి, సోమవారాలు ఆయన ముందే కొలవమన్నాను. నేను ఆ గదిలోకే రానన్నాను. "ఇది ల్యాబమ్మా, కోటప్పకొండ గుడి కాదు" అన్నాడు. ఆ సీసాలు కూడా ప్లేట్లతోపాటే పారబోయించానని చెప్పాడు. ఆ నెలాఖరుకు మానేశాను.

ఇప్పుడు పిడుగురాళ్లలోనే ఒక రక్త పరీక్షల సెంటర్లో పనిచేస్తున్నాను. కోటేశ్వరమ్మ కాలేయం పరీక్షలకు నెలనెలా మా దగ్గరికే వస్తోంది. వేరే చోట సూది గుచ్చనివ్వదు. సోమవారాలు మళ్లీ ఒక్కపొద్దు ఉంటోంది, కూతురు అరిచి అరిచి ఊరుకుంది. ఆకలి సంగతి నేను అడుగుతూనే ఉన్నాను. మామూలేనమ్మా, మధ్యాన్నానికి కళ్లు తిరుగుతున్నాయి అనేది. సరే, అది అక్కడితో తెగిపోయిందనుకున్నాను.

మొన్న ఎండాకాలంలో ఆమె కూతురిని వెంటబెట్టుకుని సోమవారం నాడు వచ్చింది. డాక్టరు పరగడుపున చక్కెర కూడా చూడమన్నాడు. ఎలాగూ ఒక్కపొద్దే గదా అని ఆ రోజే వచ్చామన్నారు. నడికుడిలో బస్సు దొరక్క మా సెంటర్ చేరేసరికి పొద్దు నడినెత్తికి వచ్చింది. రక్తం తీశాను. భోజనం చేసి లేచిన మనిషికి ఉండేంత చక్కెర ఉంది.

కాఫీ అయినా తాగారా అని అడిగాను. నీళ్లు కూడా తాగలేదని కూతురు ఒట్టు వేసింది. రెండో చేతి నుంచి తీసి మళ్లీ చూశాను. అంతే. మెషీన్ పాడైందేమోనని నా రక్తం తీసుకుని చూశాను. నాది సరిగ్గా ఉంది. ఆమెకు షుగరు జబ్బు లేదు. మర్నాడు పరగడుపున మళ్లీ రమ్మని చూస్తే మామూలుగానే ఉంది. దీనికి ఏ డాక్టరైనా పది కారణాలు చెబుతాడు. ఆ పదీ నాకూ తెలుసు.

కానీ ఆ సోమవారం, చేతి మీద దూది అదుముకుని కూర్చుని ఆమె, "ఇయ్యాళ మళ్లీ అట్టాగే ఉందమ్మాయ్. ఆ కార్తీక సోమారం మాదిరి, కడుపు నిండుగా" అంది.

నేను బయటికి వచ్చి, సెంటర్ మెట్ల మీద నిలబడి సైదులుకు ఫోన్ చేశాను. ఉద్యోగం మానేశాక ఆ కాలేజీలో ఎవరితోనూ మాట్లాడలేదు. అతనితో అయితే జన్మలో మాట్లాడకూడదనుకున్నాను. ఎలా ఉన్నావని కూడా అడగలేదు. ఆమె కణాల సీసా కరిగించి మళ్లీ పెంచుతున్నారా, పొద్దున మేత వేశారా అని అడిగాను.

అవతల కుళాయి నీళ్ల చప్పుడు వినిపిస్తోంది. అది ఆగింది.

"సారు ఎవురికీ చెప్పొద్దన్నాడే" అన్నాడు సైదులు. "పేపరు రాస్తన్నాడు. నీకెవురు చెప్పారమ్మా?"

ఫోన్ పెట్టేశాను. పారబోశానన్నవాడు, నా పద్ధతిలో, నా ఉండలను, నా పేరు లేకుండా పెంచుకుంటున్నాడు. దాని మీద ఈసారి యూనివర్సిటీకే రాశాను, జవాబు వచ్చేదాకా రాస్తూనే ఉంటాను. కానీ ఆ ఫిర్యాదులో, ఈ సంగతి మీకు ఎలా తెలిసింది అన్న గడి ఒకటి ఉంది. సైదులు అడిగిందే. అక్కడ ఏం రాయాలో నాకు ఇప్పటికీ తెలియదు. ఖాళీగా వదిలి పంపాను.